చివరిరోజు శాలువా

"ఎవడిదిరా ఈ స్కూటర్? బండి పక్కకు తియ్!"

మాదాపూర్‌లో కొత్తగా వెలిసిన ఆ సాఫ్ట్‌వేర్ కంపెనీ చిన్నగేటు దగ్గర ఇన్‌స్పెక్టర్ లాఠీతో సీటు మీద ఒక్కటేశాడు.

స్కూటర్ హెచ్.ఆర్. మేనేజర్ ప్రవీణ్‌ది. గేటుకు అడ్డంగా పెట్టడం ఆయనకు అలవాటు.

"సారీ సార్, ఇప్పుడే తీసేస్తానండి!"

కంగారులో ప్రవీణ్ చేతిలోని తాళంచెవి కిందపడింది. గేటు కాపలా పుల్లయ్య సెల్యూట్ కొట్టి, చెయ్యి దించడం మరిచిపోయాడు.

ఇన్‌స్పెక్టర్ కాసేపు గుడ్లురిమాడు. తర్వాత ఆ లాఠీనే భుజాన వేసుకుని పాట అందుకున్నాడు. ఆయన కాళ్ళకు గజ్జెలున్నాయని అప్పుడుగానీ ఎవరూ చూడలేదు.

కిటికీల్లోంచి ఉద్యోగులు ఒకటే నవ్వు.

"పగటివేషం సారూ. నా పేరు కొమురయ్య. గోపన్‌పల్లిల దిగినం" అన్నాడు ఆ బక్కపలచని ముసలాయన, మీసం సవరించుకుంటూ.

కంపెనీ మొదటి వార్షికోత్సవం ఆ శుక్రవారమే.

"వారమంతా రోజుకో వేషం వేయిద్దాం సార్. మాకు వై-టు-కె తలనొప్పి తగ్గుతుంది" అని ప్రోగ్రామర్ సుష్మ పట్టుబట్టింది.

ప్రవీణ్ సరేనన్నాడు. "శుక్రవారం స్టేజీ మీద శాలువా కప్పుతాం కొమురయ్యగారూ. మంచి వేషంలో రండి."

"ఆఖరి దినం వేషముండదు సారూ. ఉన్న మనిషి ఉన్నట్టొచ్చి ఇనాం తీసుకుంటం. అది మా రివాజు."

మంగళవారం ఎరుకలసాని వచ్చింది. క్యాంటీన్‌లో బుట్ట దించి, దొరికిన ప్రతి చెయ్యీ పట్టుకుని సోది చెప్పింది.

"పాపం, మా కోసం మీసం కూడా తీసేశాడు" అంది సుష్మ.

ప్రవీణ్ పెదవి విరిచాడు. "అన్నీ బాగున్నాయి గానీ, ఆ నడకలో ఆడతనం రాలేదండి."

కొమురయ్య పడీ పడీ నవ్వాడు. "గట్లనా సారూ? నేర్చుకుంట తియ్."

బుధవారం మెలితిరిగిన మీసంతో మహారాజు దిగాడు. తెల్లారేసరికి మీసం ఎలా మొలిచిందని, అన్ని లెక్కలు తెలిసినవాళ్ళలో ఒక్కరూ అడగలేదు.

గురువారం కొమురయ్య హార్మోనియం వాయించాడు. తోలుబొమ్మలాడించాడు. స్టేజీ వెనక తెర మీద ఓ నెమలిని కూడా గీశాడు.

"ఏదో ఒక్క కళ పట్టుకుని ఉంటే పైకొచ్చేవారు కదండీ" అన్నాడు ప్రవీణ్.

కొమురయ్య ముఖంలో నవ్వు పోయింది.

"మా నాయిన మేళంల నాకు వేషమియ్యలే సారూ. నీకెందుకన్నడు. గజ్జెలు ముట్టనియ్యలే. గందుకే పంతం పట్టి అన్నీ నేర్చిన. వేషానికి శానా శాలువలొచ్చినయ్. నాకు మాత్రం ఒక్కటి రాలే. రేపు కప్పుతనన్నవ్, మాట తప్పకు."

"తప్పనండి. మీకే కప్పుతాను."

శుక్రవారం సాయంత్రం ప్రవీణ్ గేటు దగ్గర అతిథుల్ని పలకరిస్తున్నాడు. నేతచీర కట్టుకుని, నెరిసిన జుట్టు ముడేసుకుని ఓ ముసలావిడ ఎదురుగా నిలబడింది.

"శాలువకొచ్చిన సారూ."

"కొమురయ్యగారి ఇంటావిడా? ఆయన్నే రమ్మనండమ్మా."

"ఆయన రాడు. నేనే వచ్చిన."

"భలేవారే! ఆయన కళకి ఆయనకే కప్పాలి. ఎవరికిబడితే వాళ్ళకి కప్పితే కళని అవమానించినట్టండి."

"జర నా మొఖం జూడు సారూ."

ప్రవీణ్ పేజర్ చూసుకున్నాడు. "ఆ చివర కుర్చీలో కూర్చోండమ్మా. మీకూ ఓ మిఠాయి డబ్బా ఇప్పిస్తాను."

"డబ్బాకు రాలే. చివర కూసునేటందుకూ రాలే. నీ శాలువ నువ్వే కప్పుకో."

ఆమె వెనుదిరిగింది. ముసలితనానికి నడుం వంగిందేమో గానీ తల వంగలేదు.

ప్రవీణ్ విసుక్కుంటూ లోపలికి వెళ్ళాడు.

స్టేజీ మీద కొమురయ్య పేరు మళ్ళీ మళ్ళీ పిలిచారు. ఎవరూ లేవలేదు.

ప్రవీణ్ శాలువా పట్టుకుని గేటు దాకా వచ్చాడు. "ఈ కళాకారులకి మాట మీద నిలకడ ఉండదయ్యా. కొమురయ్య వచ్చాడా?"

"రాలేదు సార్" అన్నాడు పుల్లయ్య. "గా ముసలామెనే పోయింది. మీ స్కూటర్ అడ్డమున్నది గద, 'బండి పక్కకు తియ్' అని ఒక్కటే కేక! సోమారం ఇన్‌స్పెక్టర్ గొంతే సార్. నాకు తెల్వకుంటనే సెల్యూట్ గొట్టిన."

స్కూటర్ పక్కకు తీసి ఉంది.

ప్రవీణ్ రోడ్డు మీదికి పరుగెత్తాడు. బండరాళ్ళ మధ్య రోడ్డు ఖాళీగా ఉంది.

ఆఖరి దినం వేషముండదన్న మాట అప్పుడు గుర్తొచ్చింది. ఆమె కట్టిన వేషాల్లో కొమురయ్య కూడా ఒకటి.