కత్తికి వదిలిన రెండంగుళాలు

...అంగుళమైతే కంటి పొరపాటని సరిపెట్టుకోవచ్చు. ఇది సరిగ్గా రెండంగుళాలు. అంటే చెయ్యి చేసిన పని. మనసు ఎక్కడో తిరుగుతుంటే ముప్పయ్యేళ్ల అలవాటే పెన్సిలు పట్టుకుని రాసేసింది. కుట్టు కోసం ఎప్పుడూ వదిలే రెండంగుళాలు. ఇనుముని లోపలికి మడిచి కుట్టలేమని ఆ చేతికి ఏం తెలుసు?

టైలరు కత్తి పక్కన మూడోసారి టేపు పరిచాడు.

"ఎన్నిసార్లు కొలిచినా అది కురచైపోదురా అబ్బాయ్," అన్నాడు ముసలి కమ్మరి, కొలిమి పక్కన టీ ఊదుకుంటూ. "నువ్వు కాగితం మీద ఏం రాసిచ్చావో అదే చేశాను."

"పిడికిలి నుంచి నేల దాకా ఎంతో రాయమన్నావు. నేను రెండు కలిపి రాశాను బాబాయ్."

"ఎందుకు కలిపావు?"

"రేపు లావైతే విప్పుకోడానికి ఉండాలిగా."

కమ్మరి గ్లాసు కింద పెట్టాడు. "ఏది లావవుతుంది? కత్తా, మీ ఆవిడ పిడికిలా?"

టైలరుకి నవ్వు రాలేదు. "మొన కోసెయ్యి."

"కోస్తే తూకం పోతుంది. ఊపినప్పుడు మణికట్టు పీకేస్తుంది. నువ్విచ్చిన డబ్బుకి కొత్త ఉక్కు రాదని, పాత లారీ కమాను పట్టీ వెతికి తెచ్చి సాగదీశాను. ఇంకోటి చెయ్యాలంటే ఇంకో లారీ చావాలి."

"చెయ్యి కిందికి వదిలేస్తే మొన నేలకి రెండు వేళ్ల ఎత్తులో ఆగాలన్నావు. ఇప్పుడిది నేలని గీస్తుంది."

"గీస్తుంది మరి. తీసుకెళ్లి ఇవ్వు. కొలత తప్పిందని ఏ ఆడదీ మొగుణ్ని వదిలెయ్యలేదు."

"నా దగ్గరున్నదల్లా కొలతే బాబాయ్," అన్నాడు టైలరు.

కత్తిని లైనింగు గుడ్డలో చుట్టి చంకన పెట్టుకున్నాడు. బస్సెక్కడానికి మొహం చెల్లక నడిచే వెళ్లాడు. క్షమించమని అడగడం అంత కష్టమేమీ కాదు, అడిగాక అవతలి మనిషి ఏమంటుందో వినడమే కష్టం. అతను అడగలేకపోయినది చాలా చిన్న విషయం. పెళ్లైన కొత్తలో, భార్య నాటకాల్లో కట్టే రాణి వేషం కోటుని, గుడ్డ బాగుంది కదా అని, ఒక్క మాటైనా అడగకుండా కత్తిరించి దిండు గలీబులు కుట్టాడు. ఆమె ఏమీ అనలేదు. మళ్లీ వేషమూ కట్టలేదు. పోయిన నెల నాటకం వాళ్లు వచ్చి పిలిస్తే, "కోటూ లేదు, కత్తీ లేదు, వయసూ లేదు," అని నవ్వేసింది. అయినా వాళ్లు, వస్తుందో రాదో చెప్పడానికి ఇవాళ సాయంత్రం దాకా గడువిచ్చారు. వయసు సంగతి అతని చేతుల్లో లేదు. కోటు మాత్రం కొత్తది కుట్టి తలుపు వెనక తగిలించాడు. "కుట్టు బాగుంది," అంది ఆమె. తొడుక్కోలేదు.

ఇంటికొచ్చేసరికి ఆమె కిటికీ దగ్గర కూర్చుని ఎవరి చొక్కాకో కాజాలు కుడుతోంది. అతను మూటని మిషను మీద పెట్టాడు. ఆమె సూది చొక్కాకే గుచ్చి లేచింది. గుడ్డ విప్పింది. పిడి పట్టుకుంది. తర్వాత చెయ్యి కిందికి వదిలింది. మొన గరగరమని గచ్చుని గీసింది.

"పొడుగైంది," అన్నాడతను. "కుట్టుకి వదిలాను."

"కత్తికా?"

"ఊఁ."

ఆమె పెదవులు బిగబట్టింది. నవ్వు ఆపుకోడానికో, ఇంకోటి ఆపుకోడానికో అతనికి తెలియలేదు.

"అప్పుడు ఆ కోటు..." అని మొదలుపెట్టాడు. "నిన్ను అడగకుండా..."

"గలీబులు మెత్తగానే ఉండేవి లెండి," అంది. కత్తిని మిషను మీద పెట్టి లోపలికి వెళ్లిపోయింది.

అయిపోయింది, అనుకున్నాడు. ఇన్నేళ్లూ చెప్పకుండా దాచిన మాట ఎట్టకేలకు బయటికొచ్చి సగంలోనే తెగింది. గచ్చు మీద గీత పడిన చోట బొటనవేలితో రుద్దాడు. పోలేదు. లోపల పెట్టె మూత తీసిన చప్పుడైంది. తర్వాత టకటకమని అడుగులు వినిపించాయి. అవి ఆమె అడుగుల్లా లేవు.

ఆమె గుమ్మంలో నిలబడి ఉంది, రోజూ కంటే పొడుగ్గా. కాళ్లకి బూట్లున్నాయి. అడుగున రెండంగుళాల మందాన చెక్క. వచ్చి కత్తి తీసుకుని చెయ్యి కిందికి వదిలింది. మొన నేలకి రెండు వేళ్ల ఎత్తులో ఆగింది.

"రాణి ఎప్పుడూ ఉత్త నేల మీద నిలబడలేదండీ. వెనక వరస వాళ్లకి కనబడొద్దూ?" అంది. "మీరేమో వంటింట్లో నిలబడే మనిషిని కొలిచారు. తప్పు రాశారు కాబట్టి సరిపోయింది."

అతను కిందికే చూస్తున్నాడు. చెక్క పాతది, అంచులు అరిగిపోయి ఉన్నాయి. పట్టీలు మాత్రం కొత్తగా, బిరుసుగా, మెరుస్తూ ఉన్నాయి.

"ఈ పట్టీలు ఎప్పుడు వేయించావు?"

"పోయినేడు." ఆమె కత్తి మొన వైపే చూస్తోంది. "మూడేళ్లకోసారి వేయిస్తూనే ఉన్నా. తోలు కదా, ఊరికే పెట్టేస్తే చీలిపోతుంది." ఎడమ బూటు ముందుకి పెట్టి, "వంగితే నడుం పట్టేస్తోంది, కాస్త చూడండి. నేను నాటకం వాళ్లకి ఫోన్ చేసి వస్తానని చెప్పాలి," అంది.

అతను మోకాళ్ల మీద కూర్చుని, రెండు చేతులతో ఆమె ఎడమ బూటు పట్టీ బిగించాడు.