ఒక్క ఖాళీ

“ఖాళీ ఒక్కటే! తోసుకోకండి!” అని గేటు కాపలావాడు మళ్లీ అరిచాడు.

తెల్లారీ తెల్లారకముందే మిల్లు గోడ వెంట నూటయాభై మంది పోగయ్యారు. వరసలో రెండోవాడు పని పోయిన ఒక ఫిట్టరు. కోడి కూయకముందే లేచి పరుగెత్తుకొచ్చినా, అప్పటికే ఒక ముసలాయన గేటుకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. ఆయన మోకాళ్ల దాకా తడి మట్టి. చూపు ఎక్కడో ఉంది.

నిన్న సాయంత్రం మిల్లులో యంత్రం బెల్టు ఒక కుర్ర పనివాణ్ణి లాగేసి ప్రాణం తీసింది. ఆ కబురు విని ఫిట్టరు భార్య “అయ్యో” అంది. కాసేపటికి గొంతు తగ్గించి, “అయితే ఆ పని...” అంది. ఆ తర్వాత ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు.

ఏడాది కిందటైతే వాళ్ల నోట అలాంటి మాట వచ్చేది కాదు. ముందు బ్యాంకు తలుపులు మూసింది. అప్పు పుట్టక వ్యాపారులు సరుకెత్తడం మానేశారు. సరుకు కదలక మిల్లు సగం మగ్గాలు ఆపింది. కూలి పోయిన జనం కొనడం మానేస్తే, మిగిలిన మగ్గాల్లోనూ సగం ఆగాయి. గోదాముల్లో బట్ట కొండలా మూలుగుతోంది. ఈ వరసలో అతుకు లేని చొక్కా ఒక్కటి లేదు.

“పెద్దాయనా, ఖాళీ సంగతి నీకెవరు చెప్పారు?” అని ఫిట్టరు అడిగాడు.

“తెలిసింది బాబూ. అక్కడి నుంచి నేరుగా ఇటే వచ్చాను.”

“ఈ వయసులో నీకెందుకయ్యా ఈ తిప్పలు? నీ చోటు నాకియ్యి. ఇంట్లో నాలుగు నెలల పసిది. తల్లికి తిండి లేక పాలు పడట్లేదు.”

“మా ఇంట్లోనూ చిన్నపిల్లలే. ఇద్దరు.”

“మనవళ్లా? మరి వాళ్ల నాన్నేం చేస్తున్నాడు, ఇంట్లో కూర్చుని గోళ్లు గిల్లుకుంటున్నాడా?”

ముసలాయన గేటు ఊచను మరింత గట్టిగా పట్టుకున్నాడు.

ఫిట్టరుకు ఒళ్లు మండింది. “శవం లేవకముందే వాలాడు, రాబందు!” అన్నాడు వెనక్కి తిరిగి, అందరికీ వినిపించేలా. నలుగురు నవ్వారు. తను వచ్చిందీ ఆ పని మీదేనన్న సంగతి అతనికి ముల్లులా గుచ్చుకుంది. అందుకే వాళ్లకంటే గట్టిగా నవ్వాడు.

గేటు తెరుచుకుంది. కాపలావాడు ముసలాయన్ని లోపలికి వదిలి, ముఖం పక్కకు తిప్పుకున్నాడు. ‘చెయ్యి తడిపినట్టున్నాడు’ అనుకుంటూ ఫిట్టరు వెనకే దూరాడు.

కిటికీ దగ్గర గుమస్తా తల ఎత్తలేదు. “పని తెలుసా?”

“ముప్పై ఏళ్లు ఇక్కడే చేశానండి. నిరుడు మాన్పించారు.”

పసిదాని ఏడుపు ఫిట్టరు చెవుల్లో మోగింది.

గుమస్తా కలం ఆపాడు. “ఇంటికొక్కరికే పని. కొత్త నిబంధన, తెలుసుగా. మీ ఇంటివాళ్లెవరైనా మిల్లులో ఉన్నారా?”

ఫిట్టరుకు ప్రాణం లేచొచ్చింది. ఉండే ఉంటారు, ఉండాలి అనుకుంటూ మెడ సాచాడు.

“నా కొడుకుండేవాడండి, నిన్న సాయంత్రం దాకా.”