పనిలేని పిడి

"పిడి తిరగల్ల. కానీ దానికి ఏ పనీ ఉండకూడదు. అర్థమాయనా?" ఈరక్క గొంతు తగ్గించి అడిగింది.

వంటింటి గడప దగ్గర పాత ట్రాన్స్‌ఫార్మర్ మూత విప్పుతున్న రేడియో మెకానిక్ ఏసేపు తలెత్తాడు. "మరి బండి ఎవరు నడపల్లక్కా?"

"నేనే. ఆయప్ప వెనకాల నిలబడి, రిమోట్‌తో."

ముందుగదిలో రెండు బల్లలు కలిపి బొమ్మరైలు పట్టాలు పరిచారు. పట్టాలూ, వాటికి కరెంటిచ్చే ట్రాన్స్‌ఫార్మరూ డోన్ రైల్వే కాలనీ ఖాళీ చేస్తూ ఒక గార్డు ఇచ్చిపోయినవి. ఇంజను మాత్రం అల్లుడు కువైట్ నుంచి తెచ్చిన కొత్తది. రిమోట్ సంకేతం అందితే దాని మాట వింటుంది. అందకపోతే పాత ఇంజన్లలాగే ట్రాన్స్‌ఫార్మర్ పిడి ఎంత తిప్పితే అంత పరుగు.

బల్ల ముందు ఆమె భర్త దేవేంద్రప్ప కూర్చున్నాడు. గూడ్సు డ్రైవరుగా రిటైరైన మనిషి. పక్షవాతం తగ్గింది, చెయ్యి పనిచేస్తుందని డాక్టరు చెప్పినా, ఒకసారి నీళ్లచెంబు జారిపోయినప్పటి నుంచి కుడిచెయ్యి ఒడిలోంచి తీయడం లేదు.

"ఈపొద్దు బండి నడిపేదానికి ఎట్లో ఒప్పుకున్నాడు. బండి కిందపడిందంటే ఇంక జన్మలో చెయ్యెత్తడు, ఏసేపూ."

స్టేషన్ వైపు గూడ్సు కూత వేసింది. ఒడిలో ఉన్న ఆ కుడిచేతి వేళ్లు మెల్లగా ముడుచుకున్నాయి. ఏసేపు అటే చూస్తూ కూర్చున్నాడు.

"ఏమప్పా, నిద్రపోతాండావా?"

"లేదక్కా. ఇది పాత పెట్టె, బండి పట్టా తప్పి షార్టయితే నిదానంగా తెలుసుకుంటాది. ఆలోగా కొత్త ఇంజను కాలిపోతాది." తొందరగా తెగే ఫ్యూజు ఒకటి కలిపి మూత బిగించి, పెట్టెను దేవేంద్రప్ప ముందు బల్ల మీద పెట్టి వచ్చాడు.

"పిడి తీగ?"

"యాడ కలపల్లో ఆడనే కలిపినా." రిమోట్ ఆమె చేతికిచ్చాడు.

"ఇంత తేలిగ్గా ఉండాదే!"

"కొత్త వస్తువులంతే."

ఈరక్క భర్త వెనక నిలబడింది.

"ఏమ్మే, అసిస్టెంటువు నువ్వే," అన్నాడు దేవేంద్రప్ప. "సిగ్నల్ చెప్పకపోతే బండి తీయను."

ఇంజన్లో డ్రైవరూ, అసిస్టెంటూ ఇద్దరూ సిగ్నల్ రంగు పైకి చెప్పుకోవాలి. అది ఆయన ఇంట్లోనూ మరవని అలవాటు.

"గ్రీన్!" అందామె.

"గ్రీన్!"

కుడిచెయ్యి ఒడిలోంచి లేచి పిడి మీదికొచ్చింది. ఈరక్క బొత్తాం నొక్కింది. బండి కదిలింది.

మలుపు దగ్గరవుతుండగా పిడి మీద ఆయన చెయ్యి ఒక్కసారిగా ముందుకు జారింది. బండి దూకింది. కంగారులో తన వేలే ఎక్కువ నొక్కిందనుకుంది ఈరక్క. బల్ల అంచు జానెడు దూరం. కింద నేలంతా బేతంచెర్ల నాపబండలు.

"ఎల్లో!" అని అరుస్తూ తగ్గించే బొత్తాం అదిమిపట్టింది.

"ఎల్లో!"

చివరి పెట్టె ఒక పక్కకు ఒరిగింది. పడలేదు. వేగం తగ్గి, అంచు వెంబడి మెల్లగా మలుపు తిరిగింది.

"రెడ్!"

"రెడ్!"

అట్టముక్కతో చేసిన స్టేషన్ ముందు బండి ఆగింది.

దేవేంద్రప్ప తన చేతిని కాసేపు చూసుకున్నాడు. తర్వాత ఆ చేత్తోనే చెంబెత్తి నీళ్లు తాగాడు. సగం చొక్కా మీద పడ్డాయి. ఈరక్క తుడవలేదు.

వీధి గుమ్మం దాకా వచ్చి ఏసేపు చెవిలో అంది: "నడిపింది నేనని ఆయప్పకు ఎప్పుడూ చెప్పొద్దు."

"చెప్పనక్కా."

సైకిలెక్కి సందు తిరిగాక ఏసేపు చొక్కా జేబు తడుముకున్నాడు.

రిమోట్ సెల్లులు రెండూ అందులోనే ఉన్నాయి.