పొట్టి కాళ్ల కుర్చీ

ఫాక్‌లాండ్ రోడ్డులోని పాత సామాన్ల కొట్లో మేస్త్రీ ఎల్లప్ప ఒక్కో కుర్చీనీ ఇటుకను తట్టినట్టు తట్టి, చెవి పెట్టి వింటున్నాడు. చెమ్మ పట్టిన కర్ర మొద్దుగా పలుకుతుంది.

ఏళ్ల తరబడి పీల్చిన రాతిదుమ్ము అతని రొమ్ములో పేరుకుంది. పడుకుంటే ఊపిరాడదు. ఇక కూర్చునే నిద్రపోవాలన్నాడు డాక్టరు.

మిల్లు సమ్మెలో ఎవరో అమ్ముకున్న టేకు కుర్చీ ఖంగుమంది. తుప్పు పట్టడానికి ఇనుప మేకు ఒక్కటీ లేదు. అన్నీ కొయ్య చీలలే. బర్సాత్ ముసురుకు ఉబ్బి ఇంకా బిగుస్తాయి.

"గిదే తీస్కుందం," అన్నాడు.

కూర్చుంటే మోకాళ్లు రొమ్ము దాకా లేచాయి.

"గింత పొట్టిది నీకేడ సరిపోతది?" భార్య రత్నాబాయి కసిరింది. "పొడుగుది సూడు."

"జర నువ్వు కూసొని సూడు."

"షరం లేదా? పెండ్లయిన కాడ్నించి నీ ముందర కుర్చీల కూసున్ననా?"

"కూసోలే."

దగ్గు ఆగేదాకా ఎల్లప్ప కుర్చీ చేతిని వదల్లేదు.

"నేను కూసునేది ఈ బర్సాతే. అటెన్క నీదే. నీ కాళ్లు నేలకు ఆనాలె గద."