యాంకరుకు మార్కులు

మలక్‌పేట యాదయ్య ఇంటి టీవీలో గుర్రప్పందేల యాంకరు ఒక మరబొమ్మ. ప్రతి పందెం అయ్యాక చేతులు కట్టుకుని మార్కులు అడుగుతుంది. ఆ మార్కులను బట్టే దాని ముఖమూ మాటా మారుతుంటాయి.

ఆరోజు యాదయ్య మెచ్చిన గుర్రం కుంటుకుంటూ అన్నిటికన్నా వెనక వచ్చింది.

“మీ గుర్రం అదరగొట్టిందండీ!” అంది బొమ్మ నవ్వుతూ.

“నా కండ్ల ముంగటనే కుంటె గదా! గింత అబద్ధమా?” అని మండిపడ్డాడు యాదయ్య.

“నిరుడు ఉన్నదున్నట్టు చెప్పినప్పుడల్లా సున్నా ఏసిందెవరు?” అంది భార్య మణెమ్మ, చిక్కుడుకాయలు తుంచుతూ. “నువ్వు నేర్పిన మాటలే గదా.”

యాదయ్య రోషంగా రిమోట్‌లో సున్నా మీదికి వేలు తీసుకెళ్లాడు. బొమ్మ ముఖం చిన్నబోయింది.

“గుర్రాల సంగతి మీకన్నా ఎవరికి తెలుసండీ!” అంది మెల్లగా.

యాదయ్య పదికి పది వేశాడు.