వెనక్కి ఎగిరే పిట్ట

"ఇది కదలడం లేదేమయ్యా?" అన్నారు జనార్ధనరావు గారు, కంప్యూటర్ తెర మీదికి వంగి.

కంపెనీ యజమాని రాజారావు కూడా పక్కనుంచి వంగి చూశాడు. తెర మీద బొటనవేలంత హమ్మింగ్‌బర్డ్ పిట్ట ఈకలు ఉబ్బించుకుని, కొమ్మకి అతికించినట్టు కూర్చుంది. జనార్ధనరావు గారు ఇవాళ పెట్టుబడి కాగితాల మీద సంతకం పెట్టకపోతే సింగపూర్ జురాంగ్ ఈస్ట్‌లోని ఈ రెండు గదుల కంపెనీ మూతపడుతుంది. ఆరుగురికి ఇక్కడ ఉండనిచ్చే వర్క్ పాసులు పోతాయి. డాట్‌కామ్ అన్న ప్రతివాడి వెంటా పెట్టుబడులు పరిగెడుతున్న రోజులవి. ఎందుకో ఈ ఆఫీసు అడ్రసు మాత్రం వాటికి దొరకలేదు.

"నిద్రపోతోంది అంకుల్," అంది నిఖిల. యూనివర్సిటీలో పక్షుల మీద పరిశోధన చేస్తుంది. ఆమె వివరాలు చెబుతుంటే ఆమె భర్త అభిజిత్ ఆర్నెల్లు కూర్చుని ఈ ప్రోగ్రాం రాశాడు. "చలిరాత్రుల్లో గుండె వేగం తగ్గించుకుని, చచ్చినట్టే పడుంటుంది. లేవడానికి ఇరవై నిమిషాలు పడుతుంది."

"కంప్యూటర్ పిట్టకి కూడానా?"

"నిజం పిట్టకి ఎంతో దీనికీ అంతే అంకుల్."

ఆయన వాచీ చూసుకున్నారు. రాజారావు ఫోనెత్తి, వెనక గదిలో ఉన్న అభిజిత్‌ని బతిమాలాడు. "త్వరగా లేపవయ్యా బాబూ!"

"ట్రై చేస్తున్నా సార్."

పదిహేడో నిమిషంలో పిట్ట వణికింది. కన్ను తెరిచింది. రివ్వున లేచి ఎర్రపువ్వు ముందు గాలిలో నిలబడింది. రెక్కలున్న చోట మసక తప్ప ఏమీ కనిపించలేదు.

"వెనక్కి ఎగరమను," అన్నారు జనార్ధనరావు గారు.

రాజారావు ఫోన్లో చెప్పాడు. పువ్వు కదిలింది. పిట్ట మొహం తిప్పకుండానే వెనక్కి జరిగింది.

"అయ్యబాబోయ్! ముప్ఫై ఏళ్ళ నుంచి సింగపూర్‌లో ఉన్నా, ఇలాంటిది చూళ్ళేదు. ప్రాణం పోశాడయ్యా!" అంటూ ఆయన మొదటి కాగితం మీద సంతకం పెట్టేశారు. ఇంకా రెండున్నాయి. "ఆ అబ్బాయిని పిలువు. ఓసారి చెయ్యి కలిపి మిగతావి పెడతాను."

నిఖిల గభాల్న లేచింది. "ఇప్పుడొద్దంకుల్. తనకి మొహమాటం ఎక్కువ."

"సార్, తలుపు తీయకండి!" లోపలినుంచి అరిచాడు అభిజిత్.

రాజారావుకి వాడి మీద ముద్దొచ్చింది. ఇంత పని చేసి ఈ సిగ్గేమిటి? ఇవాళ భుజాన ఎత్తుకునైనా తీసుకురావాల్సిందే అనుకుంటూ తలుపు బార్లా తెరిచాడు.

లోపల కెమెరా ముందు, ఎర్రపువ్వు పట్టుకుని అభిజిత్ ఉన్నాడు. గదిలోంచి పిట్ట ఎగిరొచ్చింది.