ఎదురెళ్ళే చుక్క

"మళ్ళీ ఆ పడవే!" అంది సత్యశ్రీ, తెర మీద కదులుతున్న చుక్కను చూసి.

ఉప్పాడ పడవల సంఘం ఆఫీసులో ఆమెది చుక్కలు చూసే ఉద్యోగం.

ప్రతి పడవలోనూ ఒక జీపీఎస్ పెట్టె ఉంటుంది. అది పంపే వివరాలన్నీ క్లౌడ్‌లో ఉన్న డేటాబేస్‌కు చేరతాయి. రాజమండ్రి నుంచి వచ్చిన సత్యశ్రీ ఆ డేటాబేస్‌లోనే ఒక మోడల్ తయారుచేసింది. పాత ప్రయాణాలు చూసి నేర్చుకుని, ఏ పడవ ఎప్పటికి ఒడ్డు చేరుతుందో అది చెబుతుంది. సముద్రం పొంగేలా ఉంటే అందరి ఫోన్లకూ ఎర్ర మెసేజ్ వెళుతుంది.

ఎర్ర మెసేజ్ రాగానే పడవలన్నీ ఒడ్డుకు తిరుగుతాయి.

జాలరి బుల్లబ్బాయి పడవ మాత్రం సరిగ్గా అప్పుడే ఒడ్డు నుంచి లోపలికి బయలుదేరుతుంది.

"ఈయన ఒక్కడి వల్ల మోడల్ తికమక పడుతోంది సార్," అంది సత్యశ్రీ.

తణుకు నుంచి బదిలీ మీద వచ్చిన సెక్రటరీ జానకిరామ్ కబురు పంపాడు. బుల్లబ్బాయి భుజాన లావుపాటి మోకుతాడు వేసుకుని వచ్చాడు.

"ఎర్ర మెసేజ్ వచ్చిందా లేదా?" అడిగాడు జానకిరామ్.

"వచ్చిందండి."

"మరెందుకెళ్ళావయ్యా?"

"పనుండి వెళ్ళానండి."

"ఏంటా పని? ఒక్క చేపా తేలేదు, డీజిల్ మాత్రం తగలేస్తున్నావు. నడిసముద్రంలో ఎవరికైనా అమ్ముకుంటున్నావా?"

"చేపలు పట్టలేదండి."

"మరేం చేశావ్?"

బుల్లబ్బాయి మోకును ఈ భుజం నుంచి ఆ భుజానికి మార్చుకున్నాడు. "ఒడ్డున చెప్పే మాట కాదండి."

సత్యశ్రీకి నవ్వొచ్చింది.

ఆ సాయంత్రమే సంఘం అతనికిచ్చిన డీజిల్ కార్డు ఆపేశారు. సత్యశ్రీ డేటాబేస్‌కు ఒక్క క్వెరీ ఇచ్చి అతని ప్రయాణాలన్నీ తీసి పక్కన పెట్టింది. మోడల్ మళ్ళీ మొదటినుంచీ నేర్చుకుంది. దాని అంచనాలకు వచ్చే మార్కులు పెరిగాయి. జానకిరామ్ సంతోషించి కాజాలు తెప్పించాడు.

బుల్లబ్బాయి పడవను గట్టు మీదికి లాగేసి, కడియం నర్సరీల్లో మొక్కలకు నీళ్ళు పోసే పనికి వెళ్ళిపోయాడు.

కార్తీకంలో ఒక మధ్యాహ్నం ఎర్ర మెసేజ్ వెళ్ళింది. పడవలన్నీ తిరిగాయి. నూకరాజు పడవ ఒక్కటే సముద్రం మధ్యలో ఆగిపోయింది.

అతని భార్య వీరదుర్గ ఆఫీసుకు పరుగెత్తుకొచ్చింది. "మా ఆయన ఇంకా రాలేదండి!"

"కంగారు పడకండి. మోడల్ ప్రకారం చీకటి పడేలోగా వచ్చేస్తారు. ఇదివరకు ఇలా మధ్యలో ఆగిన పడవలన్నీ ఒడ్డు చేరినవే," అంది సత్యశ్రీ.

"బుల్లబ్బాయి బాబాయి వెళ్ళాడాండి?"

"ఆయన పడవ ఆపేశాం కదా. ఊళ్ళో కూడా లేరట."

"ఎంత పని చేశారండీ!" అంటూ వీరదుర్గ సముద్రం వైపు పరుగు తీసింది.

జానకిరామ్ అందరికీ ఫోన్లు చేశాడు. ఆ అలల్లోకి వెళ్ళడానికి ఎవరూ ముందుకు రాలేదు.

మర్నాడు పడవ దొరికింది. నూకరాజు దొరకలేదు.

కొన్నాళ్ళకు వీరదుర్గ ఆఫీసుకొచ్చింది, పడవలోని జీపీఎస్ పెట్టెను తిరిగి ఇచ్చేయడానికి. దాన్ని బల్ల మీద పెట్టి వెళ్ళబోతుంటే సత్యశ్రీ ఆపింది.

"బుల్లబ్బాయి గారు ఎందుకు లోపలికి వెళ్ళేవారో మాకు ఒక్కరైనా చెప్పలేదేంటండి?"

"ఎలా చెబుతామండి? ఫలానావాళ్ళ పడవ ఇంజను పాడై ఆగిపోతే మోకు కట్టి లాక్కొచ్చారని ఒడ్డున తెలిసిందంటే, ఇంక ఆ పడవ ఎవరూ ఎక్కరు. సముద్రం కన్ను పడిందంటారు. ఆ ఇంటికి బతుకుతెరువు పోయినట్టే. అందుకే ఎవరమూ నోరెత్తమండి."

ఆమె వెళ్ళిపోయింది.

సత్యశ్రీ తను తీసేసిన ప్రయాణాలన్నీ మళ్ళీ డేటాబేస్‌లోకి తెచ్చింది. ఎర్ర మెసేజ్ వెళ్ళిన రోజులను ఒక్కొక్కటిగా తెర మీద నడిపించి చూసింది.

ఏ రోజు చూసినా బుల్లబ్బాయి చుక్క ఒంటరిగానే లోపలికి వెళ్ళింది. ఒక్కసారి కూడా ఒంటరిగా తిరిగి రాలేదు.